ఏ వైరు కొనాలి? ఇంటి రికార్డింగ్‌కి యూఎస్‌బీ, కోయాక్సియల్, ఆప్టికల్, ఏడాట్‌లలో ఎంచుకోవడం ఎలా

నెలకు నాలుగైదు సార్లైనా ఈ ఫోన్ వస్తుంది. గుణుపురం నుంచో, రాయగడ నుంచో, బరంపురం నుంచో. "అన్నా, సౌండ్ కార్డు కొన్నాను. వెనక రకరకాల కన్నాలున్నాయి. దేనికి ఏ వైరు? ఆప్టికల్ మంచిదా, కోయాక్సియల్ మంచిదా?" అడిగేవాళ్ళలో భజన బృందాలవాళ్ళున్నారు, చర్చిలో క్వయర్ నడిపేవాళ్ళున్నారు, ఠాకురాణీ యాత్రకు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి పాట చేసి యూట్యూబులో పెట్టాలనుకునే కుర్రాళ్ళున్నారు. ఫోన్‌లో చెప్పిందే చెప్పి నా గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. పర్లాకిమిడిలో మా మేడమీది గదిలో నేను చేసిన తప్పులు కూడా ఇందులోనే ఉన్నాయి.

అందరికీ మొదట చెప్పేది ఒకటే. ఒకేసారి ఎన్ని గొంతులు, ఎన్ని వాయిద్యాలు లోపలికి రావాలో తేల్చుకోండి. అది తేలితే ఏ వైరు అన్నది దానంతటదే తేలిపోతుంది. మన ఇళ్ళలో పదింట తొమ్మిది మందికి యూఎస్‌బీ వైరు ఒక్కటే చాలు. మీరు ఆ తొమ్మిదిలో ఉన్నారో, పదోవారో రెండో మెట్టు దాటేసరికి తెలిసిపోతుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

కాగితం, పెన్సిల్. మీ సౌండ్ కార్డు వెనక భాగం ఫొటో, ఫోన్‌లో తీసి పెద్దది చేసి చూసుకోవడానికి. దాని మాన్యువల్ (పోయి ఉంటే కంపెనీ సైటులో దొరుకుతుంది). వైరు పొడవు కొలవడానికి టేపు. ఇయర్‌ఫోన్ కాకుండా చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్. ఇంకో అరగంట తీరిక. వైరు మాత్రం ఇప్పుడే కొనకండి.

1. కాగితం మీద లెక్క వేయండి

ఒకరి తర్వాత ఒకరు రికార్డు చేస్తారా, అందరూ కలిసి ఒకేసారా? ఇదే అసలు ప్రశ్న.

మీరొక్కరే పాడి, తర్వాత కీబోర్డు వాయించి, ఆ తర్వాత తాళాలు కలిపేవారైతే రెండు ఇన్‌పుట్‌ల సౌండ్ కార్డు (ఇక నుంచి పెట్టె అంటాను) చాలు. ఇరవై ట్రాకుల పాటైనా సరే, ఒక్కసారికి లోపలికి వచ్చేది ఒకటో రెండో.

భజన బృందం సంగతి వేరు. అక్కడ ఎదురుపాట ఉంటుంది. ముందు పాడేవాడి ఊపిరిని బట్టి వెనకవాళ్ళు అందుకుంటారు. విడివిడిగా రికార్డు చేస్తే ఆ ఊపు రాదు. లెక్క ఇలా వేయండి: ముందు గొంతు 1, వంత పాడేవాళ్ళకు 2, హార్మోనియం 1, మద్దెల రెండు వైపులకూ 2, తాళాలు 1. మొత్తం 7. ఇక్కడ రెండు ఇన్‌పుట్‌ల పెట్టె పనికిరాదు. 7 అని తేలితే 8 అని రాసుకోండి. చివరి నిమిషంలో ఎవరో ఒకరు డోలక్ పట్టుకొని వస్తారు.

2. పెట్టెను వెనక్కి తిప్పండి

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. నాకొచ్చే ఫోన్లలో సగం ఈ మెట్టు సరిగా చూడనివాళ్ళవే.

యూఎస్‌బీ అందరికీ తెలుసు. పెట్టెకూ కంప్యూటర్‌కూ మధ్య ఉండేది.

పాత డీవీడీ ప్లేయర్‌కి ఉండే గుండ్రటి పిన్నులాంటి కన్నం ఉండి, పక్కన ఎస్‌పీడిఫ్ అనో కోయాక్సియల్ అనో రాసి ఉంటే అది రెండు చానెళ్ళ (విడివిడిగా నడిచే రెండు శబ్దాల) డిజిటల్ దారి. సోనీ, ఫిలిప్స్ కలిసి చేసిన పద్ధతి. ఆ పేరులోని ఎస్, పీ ఆ రెండు కంపెనీలవే. ఇలాంటివి రెండు పక్కపక్కన కనబడితే చాలామంది ఒకటి ఎడమ, ఒకటి కుడి అనుకుంటారు. తప్పు. ఒకటి లోపలికి, ఇంకొకటి బయటికి. ఎడమ, కుడి రెండూ ఒకే వైరులో కలిసి వెళ్తాయి. ఎరుపు, తెలుపు వైర్లు రెండూ తెచ్చి రెండు కన్నాల్లో గుచ్చి "ఒక వైపే వస్తోంది", "అసలు రావట్లేదు" అని ఫోన్ చేసినవాళ్ళు చాలామంది.

చిన్న తలుపు ఉన్న చదరపు కన్నం ఆప్టికల్. 1983లో తోషిబా తెచ్చింది కాబట్టి టోస్‌లింక్ అని పేరు. లోపల ఎర్రటి వెలుతురు పోతుంది. చిక్కేమిటంటే ఈ ఒకే కన్నంలో రెండు భాషలు నడుస్తాయి. ఒకటి రెండు చానెళ్ళ ఎస్‌పీడిఫ్. రెండోది ఎనిమిది చానెళ్ళ ఏడాట్, అలెసిస్ కంపెనీ తన టేపు రికార్డర్ల కోసం 1990ల మొదట్లో తెచ్చినది. కన్నం అదే, వైరు అదే, మాట వేరు. మా పర్లాకిమిడి బజారులో మనిషిని చూసి ఇంట్లో తెలుగు మాట్లాడతాడో ఒడియా మాట్లాడతాడో చెప్పలేం కదా, అలాగే. మాన్యువల్ చూస్తేగానీ తేలదు. కొన్ని పెట్టెలు రెండూ మాట్లాడతాయి, సాఫ్ట్‌వేర్‌లో మార్చాలి. కొన్ని ఒకటే మాట్లాడతాయి. టీవీ వెనక ఉండే ఆప్టికల్ మాత్రం ఎస్‌పీడిఫ్‌దే, అదీ బయటికి పంపేదే. టీవీలోకి ఆ దారిన ఏదీ వెళ్ళదు.

మూడు పిన్నుల మైకు కన్నంలా ఉండి ఏఈఎస్ అని రాసి ఉంటే అది స్టూడియోల డిజిటల్ దారి, రెండు చానెళ్ళు. అందులో మైకు గుచ్చకండి. అయిదు పిన్నుల గుండ్రటిది మిడి. అందులో శబ్దం అసలు వెళ్ళదు, ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న కబురే వెళ్తుంది. ఇంటర్నెట్ వైరు కన్నం ఉండి డాంటే అని రాసి ఉంటే అది పెద్ద హాళ్ళకూ పెద్ద స్టూడియోలకూ. ఇంటి గదికి అక్కర్లేదు, దాని జోలికి నేనిక్కడ వెళ్ళను.

ఇక పేరులోని అంకెల మోసం. మోసం అంటే పెద్ద మాటేమో గానీ, మోసపోయేవాళ్ళు మాత్రం ఉన్నారు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 అని పెట్టె ఉంది. పద్దెనిమిది మైకులు పెట్టొచ్చు అనుకుంటారు. లెక్క ఇది: నేరుగా మైకులు గుచ్చేవి 8, ఏడాట్ ఆప్టికల్ దారిన వచ్చేవి 8, ఎస్‌పీడిఫ్ దారిన వచ్చేవి 2. అంటే బయట ఇంకో పెట్టె కొని తగిలిస్తేనే మిగతా పదీ వాడకంలోకి వస్తాయి. ఏ పెట్టె కొన్నా "మైకు ఇన్‌పుట్లు ఎన్ని" అన్న వరుసను విడిగా చూడండి.

ఇప్పుడు మీ కాగితం మీది అంకెనూ పెట్టె మీది మైకు ఇన్‌పుట్లనూ పక్కపక్కన పెట్టండి. పెట్టెదే ఎక్కువో సమానమో అయితే నాలుగో మెట్టు వదిలేయొచ్చు. అయిదోది మాత్రం ఒకసారి చదవండి. ఇవాళ కాకపోయినా రేపు పనికొస్తుంది.

3. కంప్యూటర్‌కూ పెట్టెకూ మధ్య: యూఎస్‌బీ పెట్టండి, ముందుకు వెళ్ళండి

థండర్‌బోల్ట్ (యూఎస్‌బీ కంటే వేగమైన ఇంకో రకం కన్నం) ఉంటేనే నాణ్యత అని ఎవరైనా చెబితే ఈ లెక్క చూపించండి. 24 బిట్ల లోతు, సెకనుకు 48,000 శాంపిల్స్ (అంటే శబ్దాన్ని సెకనుకు అన్నిసార్లు కొలిచి అంకెగా రాయడం). రెండూ గుణిస్తే ఒక చానెల్‌కు సెకనుకు 11,52,000 బిట్లు. పద్దెనిమిది చానెళ్ళకు సుమారు 2 కోట్ల 7 లక్షలు. యూఎస్‌బీ 2.0 కాగితం మీది సామర్థ్యం సెకనుకు 48 కోట్ల బిట్లు. కాగితం మీది మాట పూర్తిగా చేతికి రాదన్నది నిజమే. అయినా మన అవసరానికి అది జాతీయ రహదారి మీద సైకిల్ తొక్కినట్టే.

చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. లాప్‌టాప్‌కి యూఎస్‌బీ-సి కన్నం ఉన్నంత మాత్రాన అది థండర్‌బోల్ట్ అయిపోదు. పక్కన మెరుపు గుర్తు ఉందో లేదో చూడండి, నమ్మకంగా తెలియాలంటే మోడల్ వివరాల్లో వెతకండి. థండర్‌బోల్ట్ పెట్టె కొని మామూలు యూఎస్‌బీ-సి లో పెడితే పిన్ను పట్టినా పని చేయకపోవచ్చు. ఫైర్‌వైర్ అనే పాత రకం కన్నం ఉన్న పెట్టెలు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయని మురిసిపోకండి. కొత్త లాప్‌టాప్‌లకు ఆ కన్నమే లేదు, 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టహో నుంచి దానికి మద్దతు కూడా తీసేశారు.

విండోస్ వాడేవాళ్ళు కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యం కాకుండా చూసే సాఫ్ట్‌వేర్) వేసుకోవాలి. 2017 నుంచి విండోస్ 10లో యూఎస్‌బీ ఆడియో 2.0కి సొంత డ్రైవర్ ఉంది కాబట్టి పెట్టగానే శబ్దం వస్తుంది. రావడం వల్లే చాలామంది అక్కడ ఆగిపోతారు. పాడింది చెవికి ఆలస్యంగా వినబడుతోందని తర్వాత గోల. మ్యాక్‌లో ఈ బెడద తక్కువ.

ఆలస్యం గురించి రెండు మాటలు. వైరు మారిస్తే ఆలస్యం తగ్గదు. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగేసుకొని పంపే శాంపిళ్ళ సంఖ్య) తగ్గిస్తే తగ్గుతుంది. 48,000 దగ్గర 128 బఫర్ అంటే ఒక వైపుకు 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7. పది మిల్లీసెకన్లంటే హార్మోనియం వాయించేవాడు మీకు మూడున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే అతని శబ్దం మిమ్మల్ని చేరే సమయం. పాడేటప్పుడు 64 కానీ 128 కానీ పెట్టండి, మిక్సింగ్‌లో 512కి పెంచండి. లాప్‌టాప్ పాతదై 128 దగ్గర చిటపటలు వస్తే 256 పెట్టి, పెట్టె మీద ఉండే డైరెక్ట్ మానిటర్ మీట వేసుకోండి. మీ గొంతు కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది.

హెచ్చరిక: బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకొని పాడకండి. ఆలస్యం తరచు 100 మిల్లీసెకన్లు దాటుతుంది. తాళం తప్పుతోందని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.

యూఎస్‌బీ వైరు అయిదు మీటర్లు దాటనివ్వకండి, రెండు మీటర్లుంటే మేలు. నాలుగు కన్నాల చవక హబ్‌లో మౌసు, పెన్‌డ్రైవ్, సౌండ్ కార్డు అన్నీ కలిపి పెట్టకండి. యూఎస్‌బీ 2.0 కన్నం నుంచి పెట్టెకు వచ్చే కరెంటు 500 మిల్లీఆంపియర్లు. కండెన్సర్ మైకుకు 48 వోల్టులు ఇవ్వాల్సింది కూడా అందులోంచే. దాన్ని నలుగురికి పంచితే మధ్యలో ఆగిపోతుంది.

4. పెట్టెకూ పెట్టెకూ మధ్య: కోయాక్సియలా, ఆప్టికలా, ఏడాటా?

ఇంకా మైకులు కావాలన్నప్పుడో, కీబోర్డుకో పాత సీడీ ప్లేయర్‌కో డిజిటల్ అవుట్ ఉన్నప్పుడో ఈ ప్రశ్న వస్తుంది.

రెండు చానెళ్ళు చాలు, రెండు పెట్టెలూ ఒకే బల్ల మీద ఉన్నాయి, గుయ్ మనే హమ్ లేదు అంటే కోయాక్సియల్ పెట్టండి. గట్టిది, వంగినా ఏమీ కాదు, మన ఊళ్ళలో దొరుకుతుంది. కావలసింది 75 ఓమ్‌ల వైరు. పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చిన మూడు రంగుల వైర్లలో పసుపుది వీడియో కోసం, అది సరిగ్గా సరిపోతుంది. ఎరుపు, తెలుపు వైర్లు అరమీటరు దాకా పని చేస్తాయేమో గానీ పొడవు పెరిగితే నమ్మలేం. పసుపు వైరు కూడా దొరక్కపోతే డిష్ టీవీ బిగించే అబ్బాయిని పట్టుకోండి. డిష్ వైరు కూడా 75 ఓమ్‌లదే. రెండు చివరలా ఆర్‌సీఏ పిన్నులకు (డీవీడీ ప్లేయర్ వైరుకు ఉండే రకం) మారే కన్వర్టర్లు వేయించుకుంటే మంచి డిజిటల్ వైరు తయారవుతుంది. నా గదిలో రెండున్నర మీటర్లది అలాంటిదే నడుస్తోంది. అతికించిన చోట అటూ ఇటూ కదలకుండా చూసుకోండి, అంతే.

రెండు చానెళ్ళే, కానీ ఒక పెట్టె ఒక ప్లగ్గులో, ఇంకోటి గది అవతలి ప్లగ్గులో ఉండి హమ్ వస్తోంది అంటే ఆప్టికల్. లోపల ఉండేది ప్లాస్టిక్ తీగ, వెలుతురు తప్ప కరెంటు పోదు. ఎర్త్ తేడా వల్ల వచ్చే హమ్ ఆ దారిన రాదు. మన పాత ఇళ్ళలో ఎర్తింగ్ సంగతి మీకు తెలుసు కదా.

ఒకేసారి ఎనిమిది మైకులు పెరగాలంటే ఏడాట్. దీనికి బయట ఎనిమిది మైకుల ప్రీయాంప్ (మైకు శబ్దాన్ని పెంచే ఇంకో పెట్టె) కావాలి. బెహ్రింజర్ ఏడీఏ8200 లాంటివి. అందులో ఎనిమిది మైకులు గుచ్చి, ఒకే ఒక్క ఆప్టికల్ వైరుతో మీ ఇంటర్‌ఫేస్‌కి (అంటే కంప్యూటర్‌కి తగిలించిన మీ సౌండ్ కార్డుకే) పంపాలి. ఏడాట్‌లో ఎనిమిది చానెళ్ళు వెళ్ళేది 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు అన్ని వేల శాంపిల్స్) దగ్గరే. 96కి పెంచితే నాలుగే వెళ్తాయి, అదీ రెండు పెట్టెలకూ ఆ పద్ధతి తెలిస్తే. భజనకు 96 అవసరం లేదు. 48 పెట్టి, మిగిలిన డబ్బుతో మద్దెలకు ఇంకో మంచి మైకు కొనండి.

ప్రీయాంప్ కొనేముందు ఇంకో దారి చూడండి. పెళ్ళిళ్ళకూ సభలకూ సౌండ్ పెట్టేవాళ్ళ దగ్గర ఇప్పుడు డిజిటల్ మిక్సర్లు ఉంటున్నాయి. బెహ్రింజర్ ఎక్స్‌ఆర్18 లాంటి దాన్ని ఒక్క యూఎస్‌బీ వైరుతో లాప్‌టాప్‌కి కలిపితే 18 చానెళ్ళూ విడివిడిగా రికార్డవుతాయి. ఏడాదికి రెండుసార్లు రికార్డు చేసే బృందానికి ఒక రోజు అద్దెకు తెచ్చుకోవడమే లాభం. అయితే అన్ని డిజిటల్ మిక్సర్లకూ ఈ సౌకర్యం ఉండదు. కొన్ని పెన్‌డ్రైవ్‌లోకి రెండు చానెళ్ళు మాత్రమే రాస్తాయి. అద్దె మాట్లాడేముందు "విడివిడి ట్రాకులు యూఎస్‌బీలో వస్తాయా" అని అడగండి.

ఏఈఎస్‌ను ఎస్‌పీడిఫ్‌కి మార్చే పిన్నులు దొరుకుతాయి. అది 110 ఓమ్‌ల వైరు, ఇది 75. వోల్టేజీలు కూడా వేరు. పొట్టి వైరుతో ఒక్కోసారి పని చేస్తుంది. ఆ ఒక్కోసారిని నమ్ముకొని బృందాన్ని ఊరి నుంచి పిలిపించుకోకండి.

బంగారు పూత పిన్నులు, వేలకు వేలు ధరలు చూసి టెన్షన్ పడొద్దు. డిజిటల్ వైరులో శబ్దం "తియ్యగా" రావడం ఉండదు. అంకెలు సరిగ్గా చేరాయా, చేరలేదా అన్నదే ఉంటుంది. చేరకపోతే చిటపటలో, మధ్యలో మాయమవడమో మీకే వినబడుతుంది.

ఆప్టికల్ వైరు తెచ్చాక రెండు జాగ్రత్తలు. కొత్త వైరు రెండు చివరలా చిన్న పారదర్శకమైన తొడుగు ఉంటుంది, తీసి గుచ్చండి. అది కళ్ళకు ఆనదు. గట్టిగా నొక్కితే ఎలాగో లోపలికి పోయి కన్నంలోనే ఉండిపోతుంది. రెండోది, వైరును గట్టిగా మడవకండి, మంచం కోడు కింద పడనివ్వకండి. అయిదు మీటర్ల లోపే పెట్టుకోండి. వెలుతురు వస్తోందో లేదో చూడాలంటే రెండో చివరను అరచేతి ముందు పెట్టండి, ఎర్రటి చుక్క పడుతుంది. కంటికి ఆనించి చూడకండి.

5. తాళం ఒక్కరి చేతిలోనే ఉండాలి

ఈ మెట్టు దగ్గర నేను ఒక బృందం మొహం చూడలేని పరిస్థితి తెచ్చుకున్నాను. గుణుపురం వైపు నుంచి భజనవాళ్ళు వచ్చారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదకొండు పాటలు. హెడ్‌ఫోన్‌లో అంతా బాగానే ఉన్నట్టుంది, తాళాల హోరులో ఏం వినబడుతుంది? వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయాక నెమ్మదిగా వింటే, ఏడాట్ దారిన వచ్చిన ఎనిమిది ట్రాకుల్లో కొన్ని సెకన్లకోసారి "టిక్". వైరు మార్చాను. మళ్ళీ టిక్. ఇంకో వైరు తెప్పించాను. అదే. తప్పు వైరుది కాదు. రెండు పెట్టెలూ తమ తమ సొంత తాళం వేసుకుంటున్నాయి.

ప్రతి డిజిటల్ పెట్టెలో ఒక క్లాక్ ఉంటుంది. సెకనుకు 48,000 అన్న లెక్కను అదే నడుపుతుంది. రెండు పెట్టెల క్లాకులు ఎప్పుడూ అచ్చంగా ఒకటి కావు. లక్షకు 5 వంతుల తేడా ఉందనుకోండి, సెకనుకు 2.4 శాంపిళ్ళు అటూ ఇటూ అవుతాయి. ఆ ఎక్కువో తక్కువో సర్దుకోలేక పెట్టె ఒక శాంపిల్ వదిలేసినప్పుడల్లా టిక్. భజనలో తాళం వేసేవాడు ఒకడుంటాడు, మిగతావాళ్ళు అతని చేయి చూస్తారు. ఇద్దరు తాళం వేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

చేయవలసింది:

ప్రీయాంప్ నుంచి ఇంటర్‌ఫేస్‌కి ఒక్క వైరే వస్తుంటే, ప్రీయాంప్ తాళం వేయాలి. దాని వెనక స్విచ్చిని ఇంటర్నల్ 48 దగ్గర పెట్టండి. ఇంటర్‌ఫేస్ సాఫ్ట్‌వేర్‌లో సింక్ సోర్స్ లేదా క్లాక్ సోర్స్ అన్న చోట ఏడాట్ అని ఎంచుకోండి. వైరు ఏ వైపు నుంచి వస్తుందో తాళం కూడా ఆ వైపు నుంచే వస్తుందని గుర్తు పెట్టుకుంటే చాలు.

రెండు ఆప్టికల్ వైర్లు ఉంటే, ఇంటర్‌ఫేస్ అవుట్ నుంచి ప్రీయాంప్ ఇన్‌కి ఒకటి, అటు నుంచి ఇటు ఒకటి వేసి ఇంటర్‌ఫేస్‌ను ఇంటర్నల్‌లో ఉంచండి, ప్రీయాంప్‌ను ఏడాట్‌కి మార్చండి. నాకు ఈ పద్ధతే ఇష్టం. ప్రీయాంప్ ఆపేసిన రోజు కూడా ఇంటర్‌ఫేస్ మామూలుగా నడుస్తుంది. మొదటి పద్ధతిలో ప్రీయాంప్ ఆపితే తాళం వేసేవాడు లేచి వెళ్ళిపోయినట్టే. శబ్దమే రాకపోవచ్చు, వస్తే గరగరలాడుతుంది. అప్పుడు సింక్ సోర్స్‌ను తిరిగి ఇంటర్నల్‌కి మార్చాలి.

సీడీ ప్లేయర్, టీవీ లాంటివి ఇంకొకరి తాళం వినవు. వాటిని కలిపినప్పుడు ఇంటర్‌ఫేసే తలవంచాలి: క్లాక్ సోర్స్ ఎస్‌పీడిఫ్.

రెండు పెట్టెలూ ఇంటర్నల్ అంటే టిక్ టిక్. రెండూ ఎక్స్‌టర్నల్ అంటే ఇద్దరూ ఒకరి చేయి ఒకరు చూస్తూ కూర్చుంటారు.

6. శాంపిల్ రేటు అన్ని చోట్లా ఒకటే

వీడియోకి వెళ్ళే పాటైతే 48, సీడీకైతే 44.1. ప్రీయాంప్ స్విచ్చి మీద, ఇంటర్‌ఫేస్ సాఫ్ట్‌వేర్‌లో, రికార్డింగ్ ప్రాజెక్టులో, మూడు చోట్లా అదే అంకె ఉండాలి. విండోస్‌లో సౌండ్ సెట్టింగులు కూడా ఒకసారి చూడండి.

తేడా వస్తే చెవికి ఇలా తెలుస్తుంది. 44.1లో రికార్డయిన పాటను 48 లెక్కన నడిపితే మూడు నిమిషాల పాట 2 నిమిషాల 45 సెకన్లకే అయిపోతుంది. ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరకూ రెండుకూ మధ్య వినబడుతుంది. హార్మోనియం ఏ మెట్టుకూ కలవదు. గొంతు కాస్త పిల్లల గొంతులా ఉంటుంది. శ్రుతి తప్పిందని గాయకుణ్ణి అనే ముందు ఈ అంకె చూడండి.

7. కరెంటు, ఎర్త్, పిడుగు

హమ్ వస్తే మొదట లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. పోయిందా? చార్జర్ దారిదే. ఇంటర్‌ఫేస్, స్పీకర్లు, లాప్‌టాప్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే పెట్టెల మధ్య కోయాక్సియల్ తీసి ఆప్టికల్ వేయండి.

ప్లగ్గు మూడో పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని చెప్పేవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. పోతుంది, నిజమే. ఏ రోజైనా లీకేజీ ఉంటే ఆ కరెంటు మైకు జాలీ మీదికి వస్తుంది, దానికి ఆనించి ఉండేవి పాడేవాళ్ళ పెదవులు. ఆ పని చేయకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ సరిచేయించండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిపితే ఒక రకమైన కరకర వస్తుంది, స్క్వేర్ వేవ్ రకాలతో మరీ ఎక్కువ. ఆ సమయంలో లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద, సౌండ్ కార్డును దాని యూఎస్‌బీ కరెంటు మీద నడుపుకొని గొంతు రికార్డు చేసుకోవచ్చు. వైశాఖంలో సాయంత్రం గాలివాన పట్టేలా ఉంటే అన్నీ ఆపడమే కాదు, ప్లగ్గులు పీకేయండి. ఇంటర్నెట్ వైరు కూడా.

8. సరిచూసుకోవడం

బృందం రాకముందు రోజే ఇవి చేయండి.

మొదట, లాక్ గుర్తు. ఇంటర్‌ఫేస్ సాఫ్ట్‌వేర్‌లో లాక్డ్ అనో, పెట్టె మీద ఆగకుండా వెలిగే దీపమో ఉండాలి. మినుకుమినుకుమంటే క్లాక్ కుదరలేదు.

తర్వాత మైకులను ఒక్కొక్కటిగా వేలితో తట్టండి. ఒకటో మైకు తడితే ఏ ట్రాకు కదిలింది? కాగితం మీద రాయండి. ఏడాట్ చానెళ్ళు సాఫ్ట్‌వేర్‌లో తరచు 9 నుంచో 11 నుంచో మొదలవుతాయి. రాసుకోకపోతే మద్దెల ట్రాకులో తాళాలు వెతుక్కుంటారు.

పది నిమిషాల పరీక్ష అన్నిటికంటే ముఖ్యం. మైకుల దగ్గర తంబురా యాప్ నడిపి పది నిమిషాలు రికార్డు చేయండి. నిశ్శబ్దం పనికిరాదు, శాంపిల్ పోయినా అందులో తెలియదు. ఆగకుండా సాగే శబ్దంలోనే టిక్ బయటపడుతుంది. హెడ్‌ఫోన్‌తో వినండి, తర్వాత తరంగాన్ని పెద్దది చేసి ముళ్ళలా లేచినవి ఉన్నాయేమో చూడండి. ఆ రోజు నేను ఇది చేసి ఉంటే పదకొండు పాటలు దక్కేవి. అదే ఫైలును ఫోన్‌లోని స్టాప్‌వాచ్ పెట్టి నడిపి, పది నిమిషాలు పది నిమిషాలే వచ్చాయో లేదో కూడా చూసుకోండి.

ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్ళకు ఒక పరీక్ష. మీ ఇంటర్‌ఫేస్ ఎస్‌పీడిఫ్ అవుట్ నుంచి దాని ఇన్‌కే ఒక వైరు వేయండి. ముందు హెడ్‌ఫోన్ తీసేయండి, స్పీకర్లు ఆపేయండి, రికార్డు చేసే ట్రాకులో మానిటరింగ్ ఆపండి, ఆ ట్రాకు అవుట్‌పుట్‌ను ఎస్‌పీడిఫ్‌కి పోనివ్వకండి. లేకపోతే శబ్దం చుట్టూ తిరిగి కూత పెడుతుంది. ఒక పాటను ఆ దారిన పంపి కొత్త ట్రాకులో రికార్డు చేయండి. ఫేడర్లన్నీ సున్నా దగ్గర, ఎఫెక్టులు, డిథర్ (సాఫ్ట్‌వేర్ కావాలని కలిపే సన్నటి రొద) ఏవీ ఉండకూడదు. రెండు ట్రాకులనూ శాంపిల్ దాకా పెద్దది చేసి సరిగ్గా ఒకదాని కింద ఒకటి జరిపి, ఒకదాని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి), ఇప్పుడు రెండూ కలిపి నడపండి. ఏమీ వినబడకూడదు, మీటరు కదలకూడదు. అలా ఉంటే వైరు ఒక్క అంకె కూడా పోగొట్టలేదు. చవక వైరుతో చేసి చూడండి, బంగారు పూత వైరు మాట మీకే మరపుకొస్తుంది.

ఫోన్‌లో ఎక్కువగా వినే ఫిర్యాదులు

కొన్ని సెకన్లకోసారి టిక్: క్లాక్, అయిదో మెట్టు.

ఎడతెగని చిటపట, అదీ పాట బరువెక్కే కొద్దీ: బఫర్ తక్కువైంది, పెంచండి.

ఆప్టికల్ పెట్టినా పూర్తి నిశ్శబ్దం: ఒకటి ఏడాట్ మాట్లాడుతోంది, ఇంకొకటి ఎస్‌పీడిఫ్. లేదా చివరి తొడుగు తీయలేదు. లేదా ఇన్, అవుట్ తారుమారు.

వైరు ముట్టుకుంటే వచ్చి పోతోంది: కోయాక్సియల్ పిన్ను వదులైంది. ఆప్టికల్ అయితే టక్‌మనేదాకా లోపలికి వెళ్ళలేదు.

ఎనిమిదిలో నాలుగే వస్తున్నాయి: ఎవరో శాంపిల్ రేటును 96 చేశారు. మా ఇంట్లో ఆ ఎవరో మా మేనల్లుడు.

అంతా కుదిరాక ప్రతి వైరుకూ రెండు చివరలా తెల్ల టేపు చుట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికో పెన్నుతో రాసి పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లోని క్లాక్ పేజీని ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. ఆప్టికల్ వైరు తొడుగులు పారేయకండి, అగ్గిపెట్టెలో వేసి ఉంచండి. వైరు చుట్టి లోపల పెట్టే రోజున, దుమ్ము పడకుండా మళ్ళీ తొడగాలి.